ఇనుము ఆరో చెయ్యి

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు తుఫాను పట్టుకున్న వారం. మా ఇంట్లో కరెంటు పోయి అది రెండో రాత్రి. పది దాటాక మా పిన్ని కొడుకు ఫోను చేశాడు.

“అన్నయ్యా, పిల్లలు చలికి వణికిపోతున్నారు. గరాజులో బొగ్గుల గ్రిల్లు వెలిగించి, ఇంట్లోకి తలుపు తీసి పెడదామనుకుంటున్నాను. గరాజు పెద్ద తలుపు జానెడు ఎత్తి ఉంచుతాలే” అన్నాడు.

వద్దన్నాను.

“పొగ రానివ్వను. బయటే రాజేసి, నిప్పులు ఎర్రగా అయ్యాకే లోపలికి తెస్తాను” అన్నాడు.

వద్దురా అన్నాను.

“కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సీమీటరు ఉంది కదా, గంటకోసారి అందరి వేళ్ళకీ పెట్టి చూస్తుంటాను. అంకె తగ్గితే బయటికి వచ్చేస్తాం” అన్నాడు.

అప్పుడు కేకలేశాను. నా ఫోనులో ఛార్జి అడుగంటింది, వివరంగా చెప్పే వ్యవధి లేదు. “ముందు ఆ బొగ్గుల సంచి బయట పడేసి, అందరూ ఒకే గదిలో చేరి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకోండి. ఎందుకో తరవాత చెబుతాను” అన్నాను. పాపం, విన్నాడు. ఆ వారంలో హ్యూస్టన్ చుట్టుపక్కల వందలమంది కార్బన్ మోనాక్సైడు పీల్చి ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ఇంటికి తిరిగి రాలేదు.

తరవాత చెబుతానన్న మాట ఇదిగో, ఇన్నాళ్ళకి చెల్లిస్తున్నాను. మావాడు బీటెక్ మొదటి ఏడు కెమిస్ట్రీ చదివినవాడే. నేను ఆ తరవాత కూడా లోహాల రసాయనంతో చాలా ఏళ్ళు కుస్తీ పట్టాను. వాడు చెప్పిన మూడు మాటల్లోనూ, అంటే పొగ లేదన్నదీ, జానెడు సందు ఉందన్నదీ, ఆక్సీమీటరు చూస్తామన్నదీ, మూడింటిలోనూ తప్పుంది. ఆ మూడు తప్పులకీ జవాబు ఒక్కచోటే ఉంది. మన రక్తంలో ఉన్న ఇనుము పరమాణువుకి ఆరో చెయ్యి ఉంది, అక్కడ.

చేతుల లెక్క

బడిలో మాస్టారు చెప్పిన లెక్క అందరికీ గుర్తుండే ఉంటుంది. హైడ్రోజన్‌కి ఒక చెయ్యి, ఆక్సిజన్‌కి రెండు, నత్రజనికి మూడు, కర్బనానికి నాలుగు. చెయ్యీ చెయ్యీ కలిస్తే ఒక బంధం. దీన్నే సంయోజకత అంటారు. రెండు పరమాణువులూ చెరో ఎలక్ట్రాను వేసుకుని జంట కడతాయి. తలా ఒక వంటకం తెచ్చుకుని చేసుకునే వనభోజనం లాంటిదన్నమాట.

ఈ లెక్క లోహాల దగ్గరకి వచ్చేసరికి తప్పుతుంది. మైలుతుత్తం నీళ్ళలో కరిగించి, అందులో అమ్మోనియా పోసి చూడండి. మొదట లేత నీలం మడ్డి పేరుకుంటుంది. ఇంకా పోస్తే ఆ మడ్డి కరిగిపోయి ద్రావణం ముదురు నీలంగా, చూడముచ్చటగా మారుతుంది. ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లో ఈ నీలం చూడనివాళ్ళు ఉండరు. కాని ఆలోచిస్తే చిక్కే. రాగికున్న రెండు చేతులూ సల్ఫేటుతో నిండిపోయాయి. అమ్మోనియాలో నత్రజనికున్న మూడు చేతుల్నీ మూడు హైడ్రోజన్లు పట్టుకుని ఉన్నాయి. ఎవరి చెయ్యీ ఖాళీగా లేనప్పుడు ఈ రెండూ ఎలా కలిశాయి?

పంతొమ్మిదో శతాబ్దపు రసాయన శాస్త్రజ్ఞుల్ని ఇదే ప్రశ్న కోబాల్టు రూపంలో వేధించింది. కోబాల్టు క్లోరైడులో ఒక కోబాల్టుకి మూడు క్లోరిన్లు. దానికి అమ్మోనియా ఆరు చేరితే పసుపు పచ్చని లవణం, అయిదు చేరితే ఊదారంగు, నాలుగు చేరితే ఆకుపచ్చ. వీటి మీద సిల్వర్ నైట్రేటు పోసినప్పుడు అసలు వింత బయటపడింది. వదులుగా ఉన్న క్లోరిన్‌ని వెండి పట్టుకుని తెల్లని మడ్డిగా దింపేస్తుంది. పసుపు లవణంలో మూడు క్లోరిన్లూ దిగిపోయాయి. ఊదా లవణంలో రెండే దిగాయి. ఆకుపచ్చ దాంట్లో ఒక్కటే. మిగిలినవి ఎక్కడ దాక్కున్నట్టు?

కోపెన్‌హాగెన్‌లో యోర్గెన్‌సన్ అనే మహా నిపుణుడు, అమ్మోనియాలు పూసల్లా ఒకదాని వెనక ఒకటి గుచ్చుకుని గొలుసు కడతాయని వాదించేవాడు. 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ అనే ఇరవయ్యారేళ్ళ కుర్రవాడు ఇంకో మాట చెప్పాడు. ఈ విషయంలో అప్పటికి అతను చేసిన ప్రయోగం ఒక్కటీ లేదు. తెల్లవారుజామున రెండు గంటలకి మెలకువ వచ్చి, తట్టిన ఆలోచనని సాయంత్రం దాకా రాస్తూ కూర్చున్నాడంటారు. లోహానికి రెండు రకాల సంయోజకతలు ఉంటాయన్నాడు. ఒకటి విద్యుదావేశం లెక్క. కోబాల్టుకి అది మూడు. రెండోది చుట్టూ పట్టే చోట్ల లెక్క. కోబాల్టుకి అది ఆరు. అమ్మోనియాలు ఆరూ ఉంటే ఆరు చోట్లూ అవే ఆక్రమిస్తాయి, క్లోరిన్లు మూడూ గుమ్మం బయట ఉండిపోతాయి. అమ్మోనియా ఒకటి తగ్గితే ఆ ఖాళీలోకి ఒక క్లోరిన్ వచ్చి కూర్చుంటుంది, ఇక వెండి పిలిచినా పలకదు. ఇంత సుళువు.

పైగా ఆ ఆరు చోట్లూ ఎక్కడెక్కడ ఉంటాయో కూడా చెప్పాడు: పైన ఒకటి, కింద ఒకటి, నడుం చుట్టూ నాలుగు. దీన్ని అష్టముఖి అంటారు. అలా అయితే నాలుగు అమ్మోనియాలూ రెండు క్లోరిన్లూ ఉన్న లవణం సరిగ్గా రెండు రకాలుగానే ఉండాలి: క్లోరిన్లు ఎదురెదురుగా ఉన్నది, పక్కపక్కన ఉన్నది. ఆకుపచ్చది దొరికింది, రెండోది దొరకలేదు. పద్నాలుగేళ్ళ తరవాత, 1907లో, వెర్నర్ దాన్ని తయారుచేసి చూపించాడు. అది ఊదారంగులో ఉంది. యోర్గెన్‌సన్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆయన జీవితమంతా ఓపికగా చేసిన ప్రయోగాలే వెర్నర్ సిద్ధాంతానికి పునాది అయ్యాయి. 1913లో నోబెల్ బహుమతి వెర్నర్‌కి వచ్చింది. యోర్గెన్‌సన్ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు కొంచెం దిగులుగా ఉంటుంది.

ఆ రెండో రకం పట్టు ఏమిటన్నది 1920 దశకంలో ఎలక్ట్రాన్ల భాషలో తేలింది. అమ్మోనియాలో నత్రజని దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంట ఒకటి మిగిలి ఉంటుంది. లోహం దగ్గర ఖాళీ గదులుంటాయి. నత్రజని జంటకి జంటనీ లోహానికి సమర్పిస్తుంది. ఇది వనభోజనం కాదు, అన్నీ ఒకరే వండి తెచ్చిన విందు. ఈ బంధాన్ని సమన్వయ బంధం అన్నారు. జంటనిచ్చే దాతని లైగాండ్ అన్నారు. లోహం చుట్టూ ఎన్ని జంటలు చేరితే అది దాని సమన్వయ సంఖ్య. కనుక లోహం “చెయ్యి” అని నేను అన్నప్పుడల్లా, అది పుచ్చుకోడానికి చాచిన ఖాళీ చెయ్యి అని అర్థం చేసుకోండి.

ఎండ్రకాయ పట్టు

ఒకే లైగాండ్‌కి రెండు మూడు చోట్ల జంటలుంటే అది లోహాన్ని అన్ని వైపుల నుంచీ పట్టుకోగలదు. ఒక పట్టు సడలినా మిగతావి విడవవు కనుక ఇలాంటి పట్టు చాలా గట్టిది. దీనికి గ్రీకు భాషలో ఎండ్రకాయ డెక్క అన్న మాట మీదుగా కీలేటు అని పేరు పెట్టారు. మీ ఫ్రిజ్‌లో మెయోనీజ్ సీసా ఉంటే దాని వెనకాల చీటీ చదవండి. ఈడీటీఏ అని కనిపించవచ్చు. ఇది ఆరు డెక్కలున్న ఎండ్రకాయ. నూనెని కనరెక్కించే ఇనుము, రాగి నలుసుల్ని పట్టుకుని కదలనివ్వదు.

మన రక్తంలో ఉన్న హీమ్ కూడా ఈ జాతిదే. పోర్ఫిరిన్ అనే చదునైన ఉంగరం లోపలి వైపు నాలుగు నత్రజనులుంటాయి. నడుమ ఇనుము. నాలుగు చేతులు అలా నిండాయి. హీమోగ్లోబిన్ అనే పెద్ద ప్రోటీను కింది వైపు నుంచి హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లపు నత్రజనిని అందిస్తుంది. అది అయిదో చెయ్యి. ఆరోది ఖాళీ. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంటుంది, కండరాల దగ్గర వదిలేస్తుంది. మనం బతికి ఉండడం ఈ వదిలెయ్యడం మీదే ఆధారపడి ఉంది. పట్టు మరీ గట్టిగా ఉంటే ఆక్సిజన్ రక్తంలోనే తిరుగుతుంది కాని ఒంటికి అందదు.

ఇచ్చి పుచ్చుకోవడం

ఇప్పుడు కార్బన్ మోనాక్సైడు సంగతి. ఒక కర్బనం, ఒక ఆక్సిజన్. రంగు లేదు, వాసన లేదు. గాలితో పోలిస్తే బరువులోనూ పెద్ద తేడా లేదు. అంచేత కిందికీ దిగదు, పైకీ తేలదు, గదంతా కలిసిపోతుంది. జానెడు సందులోంచి తనంతట తానే బయటికి పోతుందనుకోడానికి ఆధారమేమీ లేదు. ఇక పొగ మాట. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు అడుగున పుట్టిన కార్బన్ డయాక్సైడు ఆ నిప్పుల మీదుగా పోతూ ఇంకో కర్బనాన్ని చేర్చుకుని రెండు మోనాక్సైడులుగా మారుతుంది. పొగ కనపడని నిప్పులే దీనికి మంచి పుట్టిల్లు. మన ఊళ్ళో అమ్మమ్మలు కుంపటి పక్కనే కూర్చుని బతికారు కదా అనవచ్చు. పెంకుటిళ్ళకి గాలి రాకపోకలు ఎక్కువ. ఇక్కడి ఇళ్ళని గాలి చొరబడకుండానే కడతారు.

దీనిలో కర్బనం వైపు ఒక ఎలక్ట్రాన్ జంట ఉంది. కాని దాతగా ఇది మహా పిసినారి. అమ్మోనియా ఆమ్లం కనిపిస్తే చాలు జంటని ఇచ్చేస్తుంది, ఇది ఇవ్వదు. అలాంటిది లోహాలని మాత్రం ఉడుం పట్టు పడుతుంది. ఎందుకు?

మన ఆడవాళ్ళు నోములకి వాయనాలు ఇచ్చి పుచ్చుకోవడం చూసే ఉంటారు. ఇక్కడా అదే. కార్బన్ మోనాక్సైడు తన జంటని లోహానికి ఇస్తుంది. లోహం ఊరుకోదు, తన దగ్గర నిండుగా ఉన్న ఎలక్ట్రాన్లలో కొన్నింటిని కార్బన్ మోనాక్సైడులో ఉన్న ఖాళీ గదుల్లోకి తిరిగి పంపుతుంది. ఇచ్చిన కొద్దీ పుచ్చుకోవడం సులువవుతుంది, పుచ్చుకున్న కొద్దీ ఇవ్వడం సులువవుతుంది. రెండూ ఒకదాన్నొకటి బిగిస్తాయి. అమ్మోనియాకి అలాంటి ఖాళీ గదులు లేవు. అది దాత మాత్రమే.

ఇది కట్టుకథ కాదని ఎలా తెలుసు? లోహం తిరిగి పంపిన ఎలక్ట్రాన్లు చేరేది కర్బనానికీ ఆక్సిజన్‌కీ మధ్య ఉన్న బంధాన్ని వదులు చేసే గదుల్లోకి. బంధం వదులైతే దాని కంపనం నెమ్మదిస్తుంది. ఆ కంపనాన్ని పరారుణ కాంతితో కొలవచ్చు. ఒంటరి కార్బన్ మోనాక్సైడుకి అది సెంటీమీటరుకి 2143 తరంగాలు. ఆరేసి కార్బన్ మోనాక్సైడులు పట్టుకున్న మూడు లోహాలని వరసగా పెట్టి చూద్దాం. ధనావేశం ఉన్న మాంగనీసు, తిరిగి ఇవ్వడానికి అంతగా లేనిది, సుమారు 2090. ఆవేశం లేని క్రోమియం సుమారు 2000. రుణావేశంతో ఎలక్ట్రాన్లు పొంగిపొర్లే వెనేడియం సుమారు 1860. లోహం దగ్గర ఎంత ఎక్కువుంటే వాయనం అంత పెద్దది. హీమోగ్లోబిన్‌ని పట్టుకున్న కార్బన్ మోనాక్సైడుకి కొలిస్తే సుమారు 1951 వస్తుంది. మన నెత్తురులో ఇనుము కూడా తిరుగు వాయనం ఇస్తూనే ఉంది.

లోహానికీ కర్బనానికీ ఇలా నేరుగా బంధం ఉంటే దాన్ని కర్బన లోహ సమ్మేళనం అంటారు. ఈ వాయనం వ్యవహారం ఒక కర్మాగారంలో కూడా బయటపడింది. నికెల్‌తో చేసిన కవాటాలు ఎందుకు తినేసినట్టు పోతున్నాయా అని లుడ్విగ్ మాండ్ బృందం కూపీ లాగితే, 1890లో నికెల్ కార్బొనైల్ దొరికింది. 50 డిగ్రీల దగ్గర నికెల్ మీదుగా కార్బన్ మోనాక్సైడు పోనిస్తే లోహం ఆవిరై లేచిపోతుంది. ఆ ద్రవం 43 డిగ్రీలకే మరుగుతుంది. 200 డిగ్రీల చుట్టుపక్కలకి వేడి చేస్తే మళ్ళీ శుద్ధమైన నికెల్ రాలుతుంది. వేల్స్‌లోని క్లిడాక్‌లో 1902 నుంచి ఈ పద్ధతిలోనే నికెల్‌ని శుద్ధి చెయ్యడం మొదలెట్టారు.

ఒక నికెల్‌కి నాలుగే ఎందుకు చేరాయి? లోహం బయటి అరల్లో మొత్తం తొమ్మిది గదులుంటాయి, గదికి ఇద్దరు చొప్పున పద్ధెనిమిది మంది. నికెల్‌కి స్వంతంగా 10, నాలుగు కార్బన్ మోనాక్సైడులు తెచ్చినవి 8, వెరసి 18. ఇనుముకి 8, కనుక అయిదు కావాలి. క్రోమియంకి 6, కనుక ఆరు. అన్ని లోహాలూ ఈ నియమానికి కట్టుబడవు, మనం చూసిన ముదురు నీలం రాగి అసలు లక్ష్యపెట్టదు. కాని హీమ్ విషయంలో సరిపోతుంది. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుముకి 6, ఆరు చేతుల్లో రెండేసి చొప్పున 12. ఆరో చెయ్యి ఖాళీగా ఉంటే లెక్క 16 దగ్గర ఆగుతుంది. అక్కడికి ఎవరో ఒకరు రావాలి. ఎవరు వచ్చినా లెక్క కుదురుతుంది, పట్టు మాత్రం వాయనం మీద ఉంటుంది.

వెయ్యికి ఒక పాలు

కార్బన్ మోనాక్సైడుకి హీమోగ్లోబిన్ మీద ఆక్సిజన్ కంటే 200 రెట్ల పైచిలుకు పట్టు ఉంది. గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళు. 21ని 210తో భాగించండి, 0.1 వస్తుంది. అంటే గాలిలో వెయ్యికి ఒక్క పాలు కార్బన్ మోనాక్సైడు ఉండి, దాన్ని చాలాసేపు పీలిస్తే, చివరికి సగం హీమోగ్లోబిన్ దాని వశమవుతుంది. ఈ లెక్కలు తేల్చిన జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలో ఆ వాయువుని తానే పీల్చి తన రక్తాన్నే పరీక్షించుకున్నాడు. మన దేశానికి వచ్చి భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్‌కి తండ్రి ఈయన.

నిజానికి 200 రెట్లంటే ప్రోటీను చాలా కాపాడినట్టే. ప్రోటీను లేని ఒట్టి హీమ్ అయితే ఈ పక్షపాతం 20,000 రెట్ల దాకా ఉంటుంది. ఆరో చెయ్యి పక్కనే ఇంకో హిస్టిడీన్ కాపలా ఉండి, ఆక్సిజన్ వస్తే దానికి హైడ్రోజన్ బంధంతో ఆసరా ఇస్తుంది. కార్బన్ మోనాక్సైడుకి ఆ మర్యాద పెద్దగా దక్కదు. ఈ కాపలా లేకపోతే బొగ్గుల కుంపటి అక్కరలేదు. పాత హీమ్‌ని విరగ్గొట్టేటప్పుడు మన ఒళ్ళే కొంచెం కార్బన్ మోనాక్సైడు తయారుచేస్తుంది. అదే మనల్ని ఊపిరాడకుండా చేసేది.

సగం హీమోగ్లోబిన్ పోతే మిగతా సగంతో నెట్టుకురాలేమా, రక్తహీనత ఉన్నవాళ్ళు తిరగడం లేదా అని మావాడు తరవాత అడిగాడు. మంచి ప్రశ్న. హీమోగ్లోబిన్‌లో నాలుగు హీమ్‌లు ఉంటాయి. ఆరో చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు ఇనుము ఉంగరం చదునులోంచి కొద్దిగా కిందికి దిగి ఉంటుంది. ఎవరైనా వచ్చి పట్టుకోగానే పైకి జరిగి చదునులో సర్దుకుంటుంది. దానితోపాటు కింది హిస్టిడీన్‌నీ, దాని వెనక ప్రోటీను మొత్తాన్నీ లాగుతుంది. ఆ కదలిక మిగతా మూడు హీమ్‌లకీ తెలిసి వాటి పట్టు బిగుస్తుంది. మాక్స్ పెరూట్జ్ ఈ సంగతి 1970లో వివరించాడు. ఇప్పుడు నాలుగు చోట్లలో రెండింటిలో కార్బన్ మోనాక్సైడు తిష్ఠ వేసిందనుకోండి. మిగతా రెండింటిలో ఆక్సిజన్ ఉంటుంది, కాని బిగుసుకున్న పట్టు వల్ల కండరాల దగ్గర వదలదు. రక్తహీనతలో బళ్ళు తక్కువ. ఇందులో ఉన్న బళ్ళకి కూడా తలుపులు తెరుచుకోవు.

ఆక్సీమీటరు సంగతి మరీ ప్రమాదం. వేలికి పెట్టే ఆ క్లిప్పు రెండు రకాల కాంతిని, ఒక ఎరుపునీ ఒక పరారుణాన్నీ, వేలిగుండా పంపి ఎంత ఆగిందో చూస్తుంది. ఆరో చెయ్యి ఖాళీగా ఉన్న హీమోగ్లోబిన్ ఆ ఎరుపుని బాగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ పట్టుకున్నది పీల్చుకోదు. కార్బన్ మోనాక్సైడు పట్టుకున్నదీ పీల్చుకోదు. పాపం ఆ క్లిప్పుకి ఆరో చెయ్యి నిండిందని మాత్రమే తెలుసు, ఎవరు పట్టుకున్నారో తెలియదు. మనిషి తల తిరిగి పడిపోతున్నా అది 98 అని చూపించగలదు. అందుకే నేను కేకలేసింది. ఆసుపత్రిలో రక్తం తీసి ఎక్కువ రంగుల కాంతితో చూసే వేరే యంత్రంలో పెడితేనే అసలు లెక్క తెలుస్తుంది. ఇంట్లో ఉండవలసింది పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులోనూ, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం. అది మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పీ వికారం వచ్చినా, వెంటనే బయటికి నడిచి 911 పిలవాలి.

వైద్యం కూడా ఇదే రసాయనం. పట్టు ఎంత గట్టిదైనా శాశ్వతం కాదు. అప్పుడప్పుడు వదులుతూ ఉంటుంది. వదిలిన క్షణంలో పక్కన ఆక్సిజన్ గుంపులుగా ఉండాలి. మామూలు గాలి పీలిస్తే రక్తంలో కార్బన్ మోనాక్సైడు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. శుద్ధ ఆక్సిజన్ మాస్కుతో గంటన్నర లోపే తగ్గుతుంది. మూడు వాతావరణాల పీడనం ఉన్న గదిలో సుమారు అరగంట చాలు.

కోబాల్టు చెయ్యి

ఇళ్ళు తగలబడినప్పుడు ఇంకో వాయువు కూడా పుడుతుంది. నురగ పరుపులు, ప్లాస్టిక్కులు, ఉన్ని కాలితే హైడ్రోజన్ సయనైడు వస్తుంది. సయనైడుకీ కార్బన్ మోనాక్సైడుకీ ఎలక్ట్రాన్ల సంఖ్య ఒక్కటే. కాని సయనైడుకి రుణావేశం ఉంది, దాతృత్వం ఎక్కువ, తిరుగు వాయనం మీద ఆశ తక్కువ. అంచేత అది రక్తంలో ఉన్న మామూలు హీమ్ జోలికి అంతగా పోదు. కణాల లోపల, ఊపిరిలో ఆక్సిజన్‌ని చివరికి ఖర్చుపెట్టే ఎంజైములో ఇంకో ఎలక్ట్రాను పోగొట్టుకున్న ఇనుము ఉంటుంది. సయనైడు దాన్ని పట్టుకుంటుంది.

దీనికి విరుగుడు మన శాకాహారుల ఇళ్ళలో అందరికీ తెలిసిన బి12 విటమిను కుటుంబంలోనే ఉంది. బి12లోనూ హీమ్ లాంటి ఉంగరమే, నాలుగు నత్రజనులే, కింద అయిదో నత్రజని, కాకపోతే నడుమ ఇనుముకి బదులు కోబాల్టు. మన ఒంట్లో పనిచేసే రూపంలో ఆ కోబాల్టు ఆరో చేతిని ఒక కర్బనం పట్టుకుని ఉంటుంది. అంటే కర్బన లోహ సమ్మేళనం మనలోనే ఉంది. ఆ సంగతి 1961లో డొరొతీ హాడ్జ్‌కిన్ ప్రయోగశాలలో ఎక్స్-కిరణాలతో తేలింది. మొక్కలు దీన్ని తయారుచెయ్యవు, సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. అందుకే పాలూ పెరుగూ తక్కువగా వాడే శాకాహారులకి డాక్టర్లు ఈ మాత్రలు రాస్తారు.

విరుగుడుగా వాడేది హైడ్రాక్సోకోబాలమిన్, అంటే ఆరో చేతిలో కర్బనానికి బదులు హైడ్రాక్సైడు పట్టుకుని ఉన్న రూపం. అమెరికాలో దీన్ని సయనైడుకి మందుగా 2006లో అనుమతించారు. నరంలోకి అయిదు గ్రాములు ఎక్కిస్తారు. కోబాల్టు ఆ హైడ్రాక్సైడుని వదిలేసి, ఎంజైము దగ్గర తిష్ఠ వేసిన సయనైడుని తన ఆరో చేత్తో లాక్కుంటుంది. అలా తయారయ్యేది సయనోకోబాలమిన్, మందుల కొట్లో బి12 పేరుతో అమ్మే మాత్రలు చాలావాటిలో ఉండే పదార్థం అదే. అది మూత్రంలో బయటికి పోతుంది. ఆ మందు పుచ్చుకున్నవాళ్ళ చర్మం కొన్నాళ్ళు, మూత్రం కొన్ని వారాలు ఎర్రగా ఉంటాయి. నెత్తురేమో అని ఇంట్లోవాళ్ళు హడిలిపోతారట. అది కోబాల్టు ఎరుపు.